మీటరు లేని మోటారు, డిస్కం కార్బన్ లెక్క: ఒక కేస్ స్టడీ

ముందే చెప్పేస్తున్నా, ఈ డిస్కం పేరు రాయను. ఒప్పందంలో అలా రాసుకున్నాం, పైగా ఇందులో జరిగిన పొరపాట్లలో సగం నావే. వ్యవసాయానికి ఉచితంగా కరెంటు ఇచ్చే ఒక పంపిణీ సంస్థ, దానికి మొట్టమొదటి సస్టెయినబిలిటీ రిపోర్టు (పర్యావరణం, సమాజం మీద సంస్థ ప్రభావం చెప్పేది) తయారుచేసే పని నా చేతికొచ్చింది, అంతవరకు తెలిస్తే చాలు. అసలు అంకెలు కూడా బయటపెట్టలేను కాబట్టి లెక్కంతా వంద యూనిట్ల మీద చేసి చూపిస్తాను. ఆ వందలో వాటాలు నేను అర్థమవడానికి వేసుకున్నవి, చిక్కు మాత్రం అచ్చంగా అక్కడ ఎదురైనదే.

అసలు వీళ్లకి రిపోర్టు ఎందుకు అవసరమైందంటే, అప్పిచ్చేవాళ్లు అడిగారు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన బీఆర్‌ఎస్‌ఆర్ నిబంధన, అంటే ఇలాంటి రిపోర్టు ఇవ్వాలన్నది, 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌లో ఉన్న మొదటి వెయ్యి కంపెనీలకు తప్పనిసరి, కానీ రాష్ట్ర ప్రభుత్వ డిస్కం మార్కెట్‌లో లేదు కదా, దానికి ఆ బెడద లేదు. అయితే కొత్త సబ్‌స్టేషన్లకూ లైన్లకూ అప్పు కావాలంటే ఇప్పుడు ఫారంలో వాతావరణం గురించి ఒక పేజీ ఉంటోంది. అంతకుముందు ఏడాది ఆ పేజీలో ప్రతి గడిలోనూ "వర్తించదు" అని రాసి పంపించారట. మొదటి మీటింగులో ఒక పెద్ద ఇంజినీరు గారు దాన్ని చాలా మామూలుగా సమర్థించారు కూడా: "మాకు పొగగొట్టమే లేదు కదండీ, మేం తీగలు లాగేవాళ్లం. పొగ కావాలంటే పాల్వంచ వెళ్లండి, ఇబ్రహీంపట్నం వెళ్లండి."

రెండూ బొగ్గు కరెంటు ప్లాంట్లున్న ఊళ్లు. నవ్వాం అందరం. కానీ ఆయన మాటలో సగం నిజం ఉంది, మిగతా సగం కోసమే నాకు ఎనిమిది నెలలు పట్టింది.

పొగగొట్టం లేని చోట కార్బన్ ఎక్కడుంటుంది

గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కకు ప్రపంచమంతా వాడే పద్ధతిలో మూడు ఖాతాలుంటాయి, స్కోప్ 1, 2, 3 అంటారు. సొంతంగా కాల్చింది, సొంత పరికరాల నుంచి కారింది ఒకటో ఖాతా. కొని సొంతానికి వాడుకున్న కరెంటు రెండోది. మిగతా గొలుసంతా మూడోది. ఫ్యాక్టరీకి ఇది తేలికే. డిస్కం దగ్గరకొచ్చేసరికి జనం తికమకపడతారు, ఎందుకంటే డిస్కం కరెంటును కొంటుంది, కానీ తాను వాడుకోదు, అమ్ముతుంది.

కిరాణా కొట్టాయన బియ్యం బస్తాలు కొని అమ్ముతున్నాడనుకోండి. జనం వండుకు తిన్న బియ్యం వాళ్ల ఖాతా. కానీ బస్తాకు చిల్లు పడి గోదాము నుంచి కొట్టు దాకా దారంతా కారిపోయిన బియ్యం ఎవరి ఖాతా? కొట్టాయనదే. డిస్కంకి ఆ కారిపోయిన బియ్యం తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో వేడిగా పోయే కరెంటు. అది డిస్కం సొంతానికి వాడుకున్నట్టే లెక్క, స్కోప్ 2. జనానికి అమ్మిన కరెంటును ఎక్కడో తయారుచేసినప్పుడు లేచిన పొగ స్కోప్ 3లో పడుతుంది. కాబట్టి పొగగొట్టం లేకపోయినా డిస్కం ఖాతాలో లైను నష్టాల కార్బన్ తప్పదు, అదే దాని సొంత పనితీరుకు అద్దం. కనీసం కాగితం మీద అలా ఉండాలి.

స్కోప్ 1 గురించి పెద్దగా చెప్పడానికి లేదు. జీపులు, లారీలు, ఆఫీసు జనరేటర్ల డీజిల్. ఒక్కటి మాత్రం ఉంది, ఎస్‌ఎఫ్6. 33 కేవీ బ్రేకర్లలో (లైనును తెంపే పెద్ద స్విచ్‌లు) కొన్నిటిలో ఈ గ్యాస్ ఉంటుంది, స్విచ్ తెరుచుకున్నప్పుడు పుట్టే నిప్పును ఆర్పడానికి. వందేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో ఎస్‌ఎఫ్6 దాదాపు 23,500 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే బ్రేకర్‌కి ఒక కిలో టాప్‌అప్ కొట్టారంటే అంతకుముందు ఒక కిలో గాల్లో కలిసిందన్నమాట, 23 టన్నుల పైమాటే. స్టోర్స్‌లో సిలిండర్ల రిజిస్టర్ అడిగితే ఎన్ని సిలిండర్లు వచ్చాయో ఎన్ని వెళ్లాయో ఉంది, తూకం లేదు. ఖాళీ అని తిరిగొచ్చిన సిలిండర్‌లో నిజంగా ఎంత మిగిలిందో ఎవరూ చూడలేదు. ఒక కాటా కొనిపించాం. ఈ మొత్తం ప్రాజెక్టులో ఖర్చుకు తగ్గ ఫలితం దేనికి దక్కిందంటే ఆ కాటాకే అంటాను నేను.

ఇక యూనిట్‌కి ఎంత కార్బన్ అనేది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, మనం సీఈఏ అంటాం, ఏటా గ్రిడ్ సగటు ప్రకటిస్తుంది. 2023-24కి అది యూనిట్‌కి 0.727 కిలోలు. దేశమంతటికీ ఒకటే అంకె. ఒకప్పుడు దక్షిణాది గ్రిడ్ వేరు, మిగతా దేశం వేరు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైను కలిశాక దేశమంతా ఒకే గ్రిడ్ అయింది, అంకె కూడా ఒకటే అయింది. అందువల్ల కర్నూలు సోలార్ పార్కు పక్కన మోటారు తిరిగినా, సింగరేణి బొగ్గు కాల్చే ప్లాంటు పక్కన తిరిగినా లెక్కలో తేడా రాదు. దీని సంగతి మళ్లీ తర్వాత వస్తుంది.

ఏటీ అండ్ సీ అనే గోతిలో పడటం

లైను నష్టాల అంకె ఇవ్వండి అని ఫైనాన్స్ విభాగాన్ని అడిగాను. వాళ్లు మర్యాదగా ఏటీ అండ్ సీ నష్టాల అంకె ఇచ్చారు, నేను తీసుకుని షీటులో వేసేశాను. ఇది నా మొదటి తప్పు, అనుభవం ఉన్నవాడు చేయకూడని తప్పు. ఏటీ అండ్ సీలో తీగల నష్టం ఉంటుంది, దొంగ కరెంటు ఉంటుంది, వీటితోపాటు బిల్లు వేసి వసూలు కాని డబ్బు కూడా ఉంటుంది. పంచాయతీ వీధిలైట్ల బకాయి కట్టకపోతే డిస్కంకి టెన్షన్ తప్పదు, కానీ ఆ కట్టని బిల్లు నుంచి పొగ రాదు. ఆ కరెంటు వీధిలో వెలిగింది.

ఇది చిన్న విషయం కాదు. దేశం మొత్తం మీద ఏటీ అండ్ సీ నష్టాలు 2020-21లో 22 శాతం దాటి ఉన్నాయి, 2022-23కి 15 శాతం దగ్గరకొచ్చాయి. రెండేళ్లలో అంత తగ్గాయంటే తీగలన్నీ మార్చేశారనుకునేరు. సబ్సిడీ బాకీలు, ప్రభుత్వ శాఖల బకాయిలు కట్టడం కూడా అందులో పెద్ద భాగం. ఎవరైనా ఆ అంకెతో కార్బన్ తగ్గింపు రాసుకుంటే, ఖజానా నుంచి డిస్కం ఖాతాకు డబ్బు మారినందుకు వాతావరణం బాగుపడిందని చెప్పినట్టు.

దొంగ కరెంటు ఇంకో తలనొప్పి. కొక్కెం తగిలించి వాడుకున్న కరెంటు నిజానికి ఎవరో వాడుకున్నదే, కారిపోయింది కాదు. కానీ దాన్ని వేరు చేసే మీటరు లేదు, అందుకని పంపిణీ నష్టంలోనే ఉంచాం, ఉంచామని రాశాం. ఇంతకన్నా దానికి మందు లేదు.

ఇరవై ఒక్క శాతం

ఇప్పుడు అసలు సంగతి. సరైన నష్టం ఎలా వస్తుంది? కొన్న యూనిట్లలోంచి అమ్మిన యూనిట్లు తీసేయాలి. కొన్నదానికి సబ్‌స్టేషన్ల దగ్గర, ట్రాన్స్‌కో (పెద్ద లైన్ల మీద కరెంటు తెచ్చే సంస్థ) హద్దుల దగ్గర మంచి మీటర్లున్నాయి, ఆ అంకె మీద ఎవరికీ అనుమానం లేదు. అమ్మినదాంట్లో ఇళ్లు, షాపులు, ఫ్యాక్టరీలు అన్నీ మీటరు మీదే. మిగిలింది పొలాల్లో మోటార్లు, వాటికి మీటరు లేదు.

ఎందుకు లేదో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, మధ్యలో పుట్టిన పిల్లల కోసం: ఎనభైల నుంచి మోటారు హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికి ఇంత అని కట్టించుకునేవారు, మీటరు అవసరం లేకుండా పోయింది. 2004 మే 14న రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా మొదటి సంతకం ఉచిత విద్యుత్ మీద పెట్టాక అదీ పోయింది. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలు ఇచ్చింది, ఆంధ్రలో పగటిపూట తొమ్మిది గంటలు. ఉచితం తప్పా ఒప్పా అనే తగువు నాకు అవసరం లేదు, మెట్ట ప్రాంతంలో బోరు మీద బతికేవాణ్ణి చూసినవాడెవడూ దాన్ని ఒక్క ముక్కలో తేల్చలేడు. నాకు కావాల్సిందల్లా ఎన్ని యూనిట్లు వెళ్లాయి అన్నది.

దానికి ఇక్కడ ఒక పద్ధతి ఉంది, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పింది, కరెంటు రేట్లు నిర్ణయించే రెగ్యులేటరీ కమిషన్ ఒప్పుకున్నది. వ్యవసాయ మోటార్లకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లలో కొన్నిటిని శాంపిల్‌గా ఎంచి వాటికి మీటర్లు పెడతారు, వాటి సగటును మిగతా అన్నిటికీ లెక్కగడతారు. పద్ధతిగా చూస్తే తప్పేమీ లేదు. ఇలా వచ్చిన వ్యవసాయ అంచనాను తీసేస్తే మిగిలేదే నష్టం. అంటే నష్టం అనేది ఎవరూ కొలిచింది కాదు. అన్నీ తీసేశాక అడుగున మిగిలింది.

మొదటి డ్రాఫ్టులో ఏం వచ్చిందో వంద యూనిట్ల మీద చూడండి, రెండేళ్లకూ యూనిట్‌కి 0.727 చొప్పునే వేస్తున్నాను. కొన్నది 100. మీటరు మీద అమ్మింది 66. అంతకుముందు ఏడాది వ్యవసాయం అంచనా 20, కాబట్టి నష్టం 14, కార్బన్ 10.2 కిలోలు. ఈ ఏడాది వ్యవసాయం అంచనా 23, కాబట్టి నష్టం 11, కార్బన్ 8 కిలోలు. స్కోప్ 2 ఉద్గారాలు ఒక్క ఏడాదిలో 21 శాతం తగ్గాయి! నేను స్లైడు వేశాను, పచ్చ రంగులో కిందికి వంగిన బాణం గుర్తు కూడా పెట్టాను. పై వాళ్లకు తెగ నచ్చింది. నేను ఊరెళ్లి వచ్చేలోపు ప్రచార విభాగంలో ఒకాయన ఫ్లెక్సీ కొట్టించేశారు, పంట పొలం, గాలిమర, మధ్యలో 21 శాతం.

ఎక్కడో నచ్చలేదు నాకు. నచ్చకపోవడానికి గొప్ప కారణమేమీ లేదు. ఆ ఏడాది కొత్తగా వేసిన లైన్ల జాబితా, మార్చిన ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా చూస్తే అందులో మూడు యూనిట్ల నష్టం తగ్గించేంత సరుకు కనపడలేదు. పని తక్కువ, ఫలితం ఎక్కువ. ఆఫీసులో కూర్చుంటే తేలదని ఒక సబ్‌స్టేషన్ పట్టుకుని అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారితో రెండు రోజులు ఫీడర్ల మీద, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైన్ల మీద, తిరిగాను.

రెండో రోజు మధ్యాహ్నం ఒక శాంపిల్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగాం. మీటరు కొత్తగా మెరుస్తోంది.

"ఇది ఎప్పుడు పెట్టారండీ?"

"పోయినేడాదే సార్. పాతది కాలిపోయి రెండేళ్లయింది. ఇది ఓవర్‌లోడు డీటీఆర్, రైతులు లెక్కకి మించి మోటార్లు తగిలిస్తారు, మీటరు ఎన్నాళ్లు ఆగుతుంది?"

"మరి ఆ రెండేళ్లూ దీని రీడింగు?"

"రీడింగు లేకపోతే సగటులోంచి తీసేస్తాం కదా సార్. మిగతావాటి సగటే వేస్తాం."

అక్కడే రోడ్డు పక్కన కూర్చుని ఫోనులో లెక్క చూసుకున్నాను. లోడు ఎక్కువున్న ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరే మీటర్లు ఎక్కువ కాలిపోతాయి. కాలిపోయినవి సగటులోంచి జారిపోతాయి. అందువల్ల పాత ఏళ్లలో వ్యవసాయ వాడకం నిజంకంటే తక్కువ కనిపించింది, ఆ తేడా అంతా నష్టాల్లో పడింది. ఈ ఏడాది ఎవరో మంచి అధికారి పూనుకుని మీటర్లు మార్పించారు, ఓవర్‌లోడు ట్రాన్స్‌ఫార్మర్లు మళ్లీ సగటులోకి వచ్చాయి, అంచనా 20 నుంచి 23కి పెరిగింది, నష్టం 14 నుంచి 11కి పడింది. ఎవరూ మోసం చేయలేదు. కొలత బాగుపడింది, అంతే. ఒక్క యూనిటు ఆదా కాలేదు. కొన్నది అప్పుడూ 100, ఇప్పుడూ 100, గాల్లోకి వెళ్లింది అప్పుడూ 72.7 కిలోలు, ఇప్పుడూ 72.7 కిలోలు. మన ఖాతాలో ఉన్న రెండు కిలోలు రైతు ఖాతాలోకి మారాయి.

చాలామంది దీన్ని ఇంకోవైపు నుంచి అనుమానిస్తారు. వ్యవసాయం అంకెను పెంచి దొంగతనాన్నీ నష్టాన్నీ దాని కింద దాచేస్తారు అని. 1999లో పాత విద్యుత్ బోర్డును విడగొట్టి కమిషన్ పెట్టినప్పటి నుంచీ ప్రతి టారిఫ్ విచారణలోనూ ఎవరో ఒకరు లేచి ఈ మాట అంటూనే ఉన్నారు. నేను చూసిన చోట అది కాదు. కానీ పర్యావరణం లెక్కకు సంబంధించినంతవరకు రెండూ ఒకటే: కొలవని ఒక అంకె అటూ ఇటూ కదిలితే సంస్థ పనితీరు బాగుపడినట్టో చెడినట్టో కనిపిస్తుంది. ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి సంగతి.

నియమం ప్రకారం చేయాల్సింది స్పష్టంగానే ఉంది. కొలిచే పద్ధతిలోనో డేటాలోనో పెద్ద మార్పు వస్తే పాత ఏడాది లెక్క కూడా అదే కొలతతో తిరగరాయాలి. తిరగరాశాం. పాత ఏళ్లలో మీటరు పనిచేయని ట్రాన్స్‌ఫార్మర్లకు, అదే సామర్థ్యం, అదే రకం లోడు ఉన్నవాటి రీడింగులు వేసి చూశాం. 21 శాతం తగ్గుదల దాదాపు మాయమైంది, మిగిలింది అంచనాలో ఉండే అటూ ఇటూ తేడా లోపలే.

ఫ్లెక్సీ సంగతి అడుగుతారేమో. స్టోర్స్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ డ్రమ్ముల మీద కప్పి ఉండగా చూశాను. వర్షానికి బాగానే ఆగుతోంది.

నిజంగా తగ్గినవి

అంతా కాగితం మాయ అని అనుకోవద్దు. హెచ్‌వీడీఎస్ (ఎక్కువ వోల్టేజీ లైనునే పొలం దాకా తీసుకెళ్లే పద్ధతి) చేసిన ఫీడర్లలో నష్టం నిజంగానే తగ్గింది, అక్కడ ఫీడరు మొదట్లోనూ ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరా మీటర్లున్నాయి కాబట్టి ధైర్యంగా చెప్పగలిగాం. పాత పద్ధతిలో ఒక వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అక్కడి నుంచి కిలోమీటర్ల కొద్దీ ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) తీగ లాగి పాతిక మోటార్లకు ఇచ్చేవారు. కొత్త పద్ధతిలో 11 కేవీ లైనునే పొలం దాకా తీసుకెళ్లి, రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. అదే శక్తిని 415 వోల్టులకు బదులు 11,000 వోల్టుల మీద పంపితే తీగలో పారే కరెంటు ఇరవయ్యారో వంతుకు పడుతుంది, నష్టం కరెంటు వర్గాన్ని (కరెంటును కరెంటుతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి కాబట్టి అదే తీగలో అది ఏడు వందలో వంతుకు పడుతుంది. చివరి వోల్టేజీ బాగుంటుంది, మోటార్లు కాలడం తగ్గుతుంది, పైగా ట్రాన్స్‌ఫార్మర్ ఇద్దరు ముగ్గురు రైతులదే కాబట్టి ఎవడైనా కొక్కెం వేస్తే మిగతావాళ్లే ఊరుకోరు. ఇంజినీరింగు కన్నా ఈ చివరిదే ఎక్కువ పనిచేసిందని లైన్‌మన్లందరూ అన్నారు.

దీనికీ ఒక మెలిక ఉంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువయ్యే కొద్దీ, లోడు ఉన్నా లేకపోయినా ఇనుప కోరులో పోయే నష్టం పెరుగుతుంది. వ్యవసాయ ఫీడర్‌కు రోజుకు తొమ్మిది గంటలే సరఫరా ఉంటే తొమ్మిది గంటలే పోతుంది, 24 గంటలు చార్జిలో ఉంచితే 24 గంటలూ పోతుంది. నేను దీన్ని మొదట రెండుసార్లు కలిపేశాను, ఒకసారి ఫీడరు నష్టంలో, మళ్లీ విడిగా. ఒక డీఈ (డివిజనల్ ఇంజినీరు) గారు పట్టుకున్నారు, ఆవిడకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కెపాసిటర్ల కథ మాత్రం విషాదం. ఉచిత కరెంటుకు పెట్టిన షరతుల్లో కెపాసిటర్ (మోటారు లైనులోంచి లాగే కరెంటును తగ్గించి నష్టం తగ్గించే పరికరం), ఐఎస్ఐ మోటారు, ఫ్రిక్షన్ లేని ఫుట్‌వాల్వు ఇవన్నీ ఉన్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత నేను తిరిగిన షెడ్లలో కెపాసిటర్ ఉన్నచోట కూడా వైరు తీసేసి ఉంది. ఎందుకు తీశారని ఒక రైతును అడిగితే "అది పెడితే నాకేం వస్తది సారూ?" అన్నాడు. బిల్లు లేనివాడికి ఏం వస్తుందో నేనూ చెప్పలేకపోయాను.

పగటి కరెంటుకు గడి లేదు

ఇది నాకు ఇప్పటికీ తెగని విషయం. వ్యవసాయ సరఫరాను రాత్రి నుంచి పగటికి మార్చడం, నా లెక్కలో, ఏ డిస్కం అయినా చేయగల పెద్ద వాతావరణ పని. పాత రోజుల్లో ఏడు గంటలు ఇస్తే అందులో కొంత పగలు, కొంత అర్ధరాత్రి. రాత్రి రెండు గంటలకు తిరిగే మోటారుకు కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు తిరిగే మోటారుకు సోలార్ ఉంది. ఒక్కోరోజు ఎక్కువైపోయి, బొగ్గు ప్లాంట్లను కనిష్ఠ స్థాయికి దించినా ఇంకా మిగులుతోంది. సోలార్ ఉన్నప్పుడే వాడే పెద్ద లోడు కావాలి అని ప్రపంచమంతా బ్యాటరీల వెంట పడుతుంటే, మనకు లక్షల మోటార్లున్నాయి, నీళ్లు తోడి పొలంలో పెడితే అదే నిల్వ. 2019లో వచ్చిన కేంద్ర పథకం పీఎం కుసుమ్‌లో ఫీడరు మొత్తానికి కలిపి దగ్గర్లో సోలార్ పెట్టే పద్ధతి కూడా ఈ దారిదే.

కానీ లెక్కలో? ఏడాది సగటు 0.727. రాత్రి అయినా అంతే, పగలైనా అంతే. మొత్తం వ్యవసాయ సరఫరాను పగటికి మార్చిన డిస్కంకి స్కోప్ 3లో ఒక్క కిలో కూడా తగ్గదు.

ఒక లైన్‌మన్‌తో ఈ గోడు వెళ్లబోసుకుంటే అతను ఓపిగ్గా విని ఇలా అన్నాడు: "సార్, నాకు మీ కార్బన్ తెలవదు గానీ, పగలు కరెంటు ఇచ్చినకాడి నుంచి మా సెక్షన్‌ల రాత్రి పాము కరిచిన కేసు ఒక్కటి వినలే. చీకట్ల స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టుడు కూడా తగ్గింది. అది మీ బుక్కుల ఎక్కడ రాస్తరు?"

రాయడానికి చోటుంది నిజానికి, సామాజిక అంశాల్లో జనం భద్రత కింద. పెట్టాం. ఆ సెక్షన్లలో రికార్డు సరిగా లేదు కాబట్టి అంకె వేయకుండా మాటల్లోనే రాశాం.

దీనికి ఎదురు బరువు కూడా చెప్పాలి. కరెంటు ఎప్పుడూ ఉంటే, ఆటోస్టార్టర్ పెట్టి వదిలేస్తే, బోరు ఎండేదాకా మోటారు తిరుగుతుంది. తెలంగాణలో 24 గంటలు మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది ఇందుకే. నీళ్లు ఎంత లోతుకు పోతే యూనిట్లు అంత ఎక్కువ. అది ఏ తీగ మార్చినా తగ్గేది కాదు.

వాన, ఒప్పందం

రెండు విషయాలు డిస్కం చేతిలో లేనట్టు కనిపిస్తాయి. ఒకటి నిజంగా లేదు, రెండోది ఉంది.

లేనిది వాన. కృష్ణకు నీళ్లొచ్చి శ్రీశైలం, సాగర్ నిండిన ఏడాది జలవిద్యుత్ పెరిగి, చెరువుల కింద మోటార్లు తక్కువ తిరిగి, అంతా పచ్చగా కనిపిస్తుంది. 2023 లాంటి ఏడాది వస్తే రెండు వైపులా దెబ్బ: నీటి కరెంటు పడిపోతుంది, బోర్లు ఎక్కువ తిరుగుతాయి. దేశవ్యాప్త సగటు కూడా అంతకుముందు ఏడాది 0.716 ఉండేది, 2023-24లో 0.727కి ఎక్కింది. అందుకే ఏడాదికీ ఏడాదికీ పోల్చి డప్పు కొట్టవద్దని, ఐదేళ్ల సగటు చూడమని రిపోర్టులో ఒక పేరా పెట్టాం. మంచి ఏడాది డప్పు కొట్టినవాడు కరువు ఏడాది ఏం చెప్తాడు?

చేతిలో ఉన్నది కొనుగోలు ఒప్పందం. ఒక్కసారి పీపీఏ మీద సంతకం పెడితే పాతికేళ్ల పొగ మీద సంతకం పెట్టినట్టే. మణుగూరు దగ్గర భద్రాద్రి ప్లాంటు చూడండి, నాలుగు 270 మెగావాట్ల యూనిట్లు, దాదాపు దేశమంతా తక్కువ బొగ్గు తినే సూపర్ క్రిటికల్ రకానికి మారిపోయాక 2020-22 మధ్య మొదలైన, పాత సబ్ క్రిటికల్ రకం యూనిట్లు. అదే కరెంటుకు బొగ్గు ఎక్కువ తింటాయి. అలాంటి నిర్ణయాల పక్కన డిస్కం ఆఫీసుల్లో ఎల్‌ఈడీలు మార్చడం, మొక్కలు నాటడం గురించి నాలుగు పేజీలు రాయడం నాకైతే సిగ్గనిపించింది, ఆ నాలుగు పేజీలను సగం పేజీకి కుదించాను. కొనే కరెంటులో పునరుత్పాదక వాటా 2024-25కి 29.91 శాతం, 2029-30కి 43.33 శాతం ఉండాలని కేంద్రం పెట్టిన లక్ష్యం ఈ ఖాతాలో అన్నిటికంటే బరువైనది, రిపోర్టులో దాన్ని ముందుకు తెచ్చాం. అయితే ఇక్కడొక జాగ్రత్త, గ్రీన్ టారిఫ్ (పునరుత్పాదక కరెంటు కోసం అదనంగా కట్టే రేటు) కట్టి ఎవరైనా ఐటీ కంపెనీ ఆ సోలార్ యూనిట్లు తమవని చెప్పుకుంటే, డిస్కం మళ్లీ అవే యూనిట్లను తన పచ్చదనంగా చూపించకూడదు. ఒకే అరటిపండు ఇద్దరు తినలేరు.

చివరికి అచ్చయింది

మొదటి పేజీలో పెట్టిన అంకె, కొన్న మొత్తం కరెంటు మీద వచ్చిన కార్బన్, దాన్ని కొన్న యూనిట్లతో భాగిస్తే వచ్చిన సగటు. ఇది మీటరు మీద ఉన్న అంకె, ఎవరూ అటూ ఇటూ జరపలేరు. నష్టాల తాలూకు స్కోప్ 2ని ఒక్క అంకెగా కాకుండా ఇంత నుంచి ఇంత దాకా అని ఇచ్చాం, పక్కనే శాంపిల్ ట్రాన్స్‌ఫార్మర్లలో ఎన్ని మీటర్లు ఆ ఏడాది నిజంగా పనిచేశాయో కూడా వేశాం. దీని మీద చాలా గొడవైంది. మన లోపం మనమే ఎందుకు అచ్చేసుకోవాలి అన్నారు. నేను చెప్పింది ఒకటే, 2021 అక్టోబర్‌లో వచ్చిన బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) నిబంధనల ప్రకారం డిస్కంలు ఏటా ఎనర్జీ ఆడిట్ చేయించాలి, ఫీడర్ల వారీగా లెక్క చెప్పాలి. ఎలాగూ ఆ ఆడిటర్ రాస్తాడు, ఆయన రాసిందీ మనం రాసిందీ తేడా వస్తే అప్పిచ్చేవాడు ముందు అదే అడుగుతాడు. ఆ మాటకు ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకున్నారు, వాతావరణం మాటకు కాదు.

పగటి సరఫరా కోసం ఒక గడి ఖాళీగా ఉంచాం. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా కొని అమ్ముతారు కదా, ఆ బ్లాకుల వారీగా ఏ ప్లాంటు నుంచి ఎంత వచ్చిందో గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ దగ్గర ఉంటుంది. వ్యవసాయ ఫీడర్ల లోడు సబ్‌స్టేషన్ల దగ్గర ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే పగటి మోటారు ఎంత బొగ్గు తప్పించిందో తేలుతుంది. ఒక జిల్లాకు ముందు చేసి చూద్దామని అడిగాను, లెటర్ పెట్టమన్నారు, పెట్టాను. ఏఈ గారు తన నాలుగు ఫీడర్ల డేటా అప్పుడే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేశారు, ఇంకో వైపుది రావాలి.